విన్నవారి వంతు

(శతాబ్ది ఉత్సవముల సందర్భముగా సంఘ పెద్దలు, స్త్రీల మైత్రి సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగ వేళ మనుష్యుల అక్రమ రవాణాను గురించి మాట్లాడుమని నన్నెందుకు కోరినారో మొదట నాకు బోధపడలేదు. నేను ఆ రంగములో పనిచేసినవాడను కాను. వేదాంత కళాశాలలో చదువుకొని, ఊరూరు తిరిగి, ఇప్పుడు పెద్ద అంబర్‌పేట్‌లో ఒక చిన్న సంఘమును కాయుచున్న సామాన్య గురువును. నాకు తెలిసినదల్లా ఒక ప్రసంగము, దానిని విన్న ఒక సంఘము. ఆ సంఘము మాదే గనుక, దాని సంగతి దాచకుండ చెప్పుటకు ఒప్పుకొన్నాను.

సునీతా కృష్ణన్‌గారి పేరు మీలో చాలమంది వినియుందురు. బెంగుళూరులో పుట్టిన మలయాళీ ఆడపడుచు, మన హైదరాబాదును తన ఊరు చేసుకొన్నారు. 1996లో పాతబస్తీలోని మెహబూబ్ కీ మెహందీ అను వేశ్యావాటికను ఖాళీ చేయించినప్పుడు, అక్కడి తల్లులు దిక్కులేక వీధిన పడినారు. వారి పిల్లలు కూడ అదే వృత్తిలోనికి పోకుండ ఆమె, కథోలిక బ్రదర్ జోస్ వెట్టికాటిల్‌గారు కలిసి 'ప్రజ్వల' సంస్థను ప్రారంభించి, ఖాళీయైన ఇంటిలోనే బడి పెట్టినారు. 2016లో ఆమెకు పద్మశ్రీ వచ్చినది. పదునైదేండ్ల ప్రాయములో తానే సామూహిక అత్యాచారమునకు గురియైనానని ఆమె బహిరంగముగా చెప్పుకొన్నారు. ఆ దౌర్జన్యముకంటె, ఆ తరువాత చుట్టుపక్కలవారు తనను వెలివేసినట్లు చూచిన చూపే తనను ఎక్కువ కాల్చినదని కూడ చెప్పినారు.

2009 నవంబరులో మైసూరులో జరిగిన టెడ్ ఇండియా సభలో ఆమె మాట్లాడినారు. 15 నిమిషములకు మించదు. అమ్మబడి చెరచబడిన ముగ్గురు పసిబిడ్డల కథతో మొదలుపెట్టినారు. ఆ వివరములు నేనిక్కడ తిరిగి చెప్పను. ఇట్టి ప్రసంగములలో ఘోరమును విని ఒళ్లు జలదరింపజేసికొని ఇంటికి పోవుట ఒక అలవాటైపోయినది. ఆ అలవాటును నేను పెంచదలచుకోలేదు. అప్పటికే తాము 3,200 మందికి పైగా ఆడపిల్లలను విడిపించినామని, వారు వెల్డింగు, వడ్రంగము, తాపీపని నేర్చుకొని నిలబడుచున్నారని చెప్పినారు. తనను ఎన్నోమార్లు కొట్టినారని, కుడి చెవి వినబడదని చెప్పినారు. అయితే ఆమె అన్నిటికంటె గట్టిగా చెప్పినది దళారులను గురించి కాదు, ఎదుట కూర్చున్నవారిని గురించి. చల్లని హాలులో కూర్చుండి ఈ సంగతి చర్చించుట అందరికి బాగుండును గాని, ఆ పిల్లలకు మన ఇంటిలో చోటిచ్చుట, మన కార్ఖానాలో పనినిచ్చుట, మన పిల్లల పక్కన వారి పిల్లలను కూర్చుండబెట్టుట బాగుండదు గదా అన్నారు. కడపట అడిగినది చందా కాదు. మీరు మహాత్ములు కానక్కరలేదు, మనస్సు తెరవండి, ఈ సంగతి మరి ఇద్దరికి చెప్పండి, వారిని ఇంకొక ఇద్దరికి చెప్పుమనండి అన్నారు.

ఒక లెంటు కాలపు ఆదివారము సాయంకాలము మా సంఘములో తెల్లదుప్పటి కట్టి దానిమీద ఆ ప్రసంగమును చూపించినాము. ఆమె మాట్లాడినది ఇంగ్లీషులో గనుక నేను వాక్యము వాక్యము ఆపి తెలుగు చేసినాను. నిజము చెప్పవలెనంటే, ఆనాడు నా తెలుగు నాకే బాగున్నట్లు తోచినది. స్త్రీలు కొంగులతో కన్నీళ్లు తుడుచుకొన్నారు. యవ్వనస్థులు దళారులను ఉరితీయవలెనన్నారు. కానుకల సంచి బరువుగా తిరిగి వచ్చినది. నేను ఆ రాత్రి సంతోషముగా నిద్రపోయినాను.

దావీదు రాజు ఎదుట నాతాను ప్రవక్త చెప్పిన గొర్రెపిల్ల కథ మీకు తెలుసును. ధనవంతుడు బీదవాని ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాగుకొన్నాడని వినగానే రాజుకు కోపము వచ్చినది. ఆ కోపము నిజమైనదే. కాని అది వేరొకని మీద కోపము. కథ చెప్పి నాతాను అక్కడితో ఊరకుండినయెడల, దావీదు తాను న్యాయవంతుడనే అనుకొని భోజనమునకు లేచిపోయియుండును. మా సంఘములో ఆ సాయంకాలము జరిగినది సరిగ్గా అంతవరకే. మేము కోపపడి, కానుక వేసి, ఇంటికి పోయినాము.

రెండు నెలలు తిరుగకముందే నగరములోని ఒక సంరక్షణ గృహము నుండి పెద్దామె ఒకరు నన్ను చూడవచ్చినారు. వారివద్ద పందొమ్మిదేండ్ల అమ్మాయి ఉన్నది, కుట్టుపని చక్కగా వచ్చును, మీ స్త్రీల మైత్రి కుట్టు తరగతికి నేర్పువారు లేరని విన్నాము, తీసుకొనగలరా అని అడిగినారు. నేను వెంటనే తల ఊపినాను. తరువాత కమిటీలో పెట్టినాను. అక్కడే ఒక తప్పు చేసినాను: ఆ అమ్మాయి ఎక్కడనుండి వచ్చినదో, ఆమెకు ఏమి జరిగినదో అందరికి చెప్పినాను. ఇట్టి బాధితుల గుర్తింపును బయటపెట్టకూడదని చట్టమే చెప్పుచున్నది. గురువునైన నాకు అది తోచలేదు. జాలి పుట్టించవలెనని చెప్పినాను. పుట్టినది జాలి కాదు. మన ఆడపిల్లలు అక్కడ కూర్చుందురు గదా అని ఒకరన్నారు. రేపు మన పిల్లల సంబంధములకు అడ్డు వచ్చునేమో అని మరియొకరన్నారు. దుప్పటి ముందు ఏడ్చినవారే వీరు. చెడ్డవారు కారు, నాకు జ్వరము వచ్చినప్పుడు జావ కాచి తెచ్చినవారు. చివరకు 'పండుగ తరువాత ఆలోచింపవచ్చును' అని తీర్మానించినారు. మినిట్సు పుస్తకములో ఆ వాక్యమును వ్రాసినది నా చేయి.

ఆ రాత్రి అన్నము పెడుతూ నా భార్య, "ఆ ప్రసంగము తెలుగు చేసినది ఎవరండీ?" అని అడిగినది. నేను జవాబు చెప్పలేదు.

అప్పుడు నాకు అజరయ్యగారు జ్ఞాపకము వచ్చినారు. దోర్నకల్ ప్రాంతమున మిషనరీగా పనిచేయుచు, 1912లో ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్యగారు, దానికి రెండేండ్లు ముందు ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడినారు. మిషనరీలు భారతీయ క్రైస్తవులకొరకు ఆస్తులు, ప్రాణములు ధారపోసినారని ఆయన ఒప్పుకొన్నారు. కాని పక్కన కూర్చుండి భోంచేయరు, చేయి కలుపరు, స్నేహము ఇయ్యరు అని వారి ముఖముననే చెప్పినారు. మాకు స్నేహితులను ఇయ్యండి అని వేడుకొన్నారు. ఆ సభలో కొందరికి కోపము వచ్చినది. ఎందుకు రాదు? ధనము అడిగినవానికి ధనమిచ్చి పంపివేయవచ్చును. స్నేహము అడిగినవానిని ఏమిచ్చి పంపుదుము? 1910లో ఎడిన్‌బరోలో అజరయ్యగారు అడిగినది, 2009లో మైసూరులో సునీతగారు అడిగినది ఒక్కటే. అజరయ్యగారి ఫోటోకు మనము ఏటేటా దండ వేస్తాము. ఆయన మాట మటుకు దొరలకే చెప్పినాడని అనుకొంటున్నాము.

ఇక మా సంఘములో జరిగినది వినండి. హైవే పక్కన బస్సులు ఆగేచోట ఇడ్లీలు అమ్ముకొనే ఒక వితంతువు మాకు సభ్యురాలు. చదువు రాదు. కమిటీలో లేదు. ఒకనాడు ఆరాధన ముగిసినాక నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఇద్దరికి జెప్పమంటిరి గద. నేను మా కోడలికి జెప్పిన, పక్కింటామెకు జెప్పిన. మరి ఆ పిల్ల ఎప్పుడొస్తది?" అని అడిగినది. విజయవాడ రోడ్డుమీద తెల్లవారక ముందే బస్సు దిగి, చేతిలో చిన్న సంచితో ఎటు పోవలెనో తెలియక నిలుచున్న ఆడపిల్లలను ఆమె ఎన్నో ఏండ్లుగా చూస్తున్నది. ఇదివరకు చూచి ఊరకుండేదాననని, ఇప్పుడు "ఎవరింటికి బిడ్డా?" అని అడుగుతున్నానని చెప్పినది. అంతే. అది గొప్ప సేవ అని ఆమె అనుకోలేదు.

అట్లు అడిగేవారు లేకనే కదా సంవత్సరములు గడిచిపోయేది. మనకు ఎంతో దూరము కాని యాదగిరిగుట్టలో 2018లో ఏమి జరిగినదో పత్రికలలో చదివినారు. చిన్న చిన్న ఆడపిల్లలను ఇండ్లలో ఉంచి, త్వరగా ఎదుగుటకు సూదిమందులిచ్చి, ఆ వృత్తిలో దింపుచున్నారని పోలీసులు బయటపెట్టినారు. ఒక బిడ్డను కొట్టుచున్నారని స్థానికులొకరు చెప్పుటతోనే అది బయటపడినది. చట్టము లేక కాదు. 1956 నుండి ఒక చట్టమున్నది. 2013లో శిక్షాస్మృతి 370వ సెక్షనును దీనికొరకే తిరిగి వ్రాసినారు. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 143వ సెక్షను ఉన్నది. 1098కి ఫోను చేయుటకు రూపాయి ఖర్చు లేదు. నోరు విప్పే పక్కింటివారు ఒక్కరు కావలెను.

ఆ ఇడ్లీల తల్లి అడిగిన ప్రశ్నను నేను కమిటీ ముందు యథాతథముగా చదివినాను. అయిదు నెలలు పట్టినది గాని ఆ అమ్మాయి వచ్చినది. చక్కగా నేర్పినది. ఎనిమిది నెలల తరువాత వెళ్లిపోయినది కూడ. ఎవరో తరగతిలో ఒక మాట అడిగినారట. ఏ మాటో ఆమె చెప్పలేదు, నేను అడుగలేదు. కమిటీలో నేను నోరు జారియుండకపోతే ఆ మాట పుట్టేది కాదని నాకు తెలుసు. ఇది నా లెక్కలో వ్రాసుకొన్నాను.

ఒక మార్పు మాత్రము నిలిచినది. మా సభ్యులలో కొందరికి గోదావరి జిల్లాలలో, కడపలో బంధువులున్నారు. వారి ఆడవారు ఇంటిపనికి కువైటు, మస్కటు పోవుచుందురు. వీసా వచ్చినదని కృతజ్ఞతార్పణ తెచ్చినప్పుడు నేను కవరు పుచ్చుకొని ప్రార్థన చేసేవాడను. ఇప్పుడు ప్రార్థనకు ముందు, ఏజెంటు ఎవరు, 1983 వలసల చట్టము క్రింద నమోదైనవాడా, పాస్‌పోర్టు నకలు ఇంటిలో ఉంచినారా అని అడుగుచున్నాను. అయ్యగారు పోలీసు అయినారని కొందరు నవ్వుతారు. ఇద్దరు మాత్రము ప్రయాణము ఆపుకొని మరల విచారించుకొన్నారు.

పోయిన నెలలో ఆ గృహము నుండి మరల ఉత్తరము వచ్చినది. కుట్టుపని తెలిసిన మరియొక అమ్మాయి ఉన్నదట. ఈసారి కమిటీకి నేను చెప్పినది రెండే ముక్కలు: కుట్టు నేర్పుటకు ఒకామె వస్తున్నారు, నెలకు జీతము ఇంత. ఒకరిద్దరు నా ముఖము చూచి, తరువాత మినిట్సు పుస్తకము వైపు చూచినారు. తీర్మానము వ్రాసినాము. మరునాడు ఉదయము బేరము ముగించుకొని ఇడ్లీల తల్లి మా ఇంటికి వచ్చి, కుట్టు గది తాళము అడిగి, చీపురు తీసుకొని పోయినది.