కౌలాలంపూర్‌లో అట్లాస్‌తో ఒక పగలు
(పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం)

మలేషియా యాత్రా విశేషాలు చెప్పమన్నారు. ఫోటోలు వాట్సాప్ గ్రూపులో అందరూ చూసేశారు కాబట్టి, ఫోటోల్లో పడనివి చెబుతాను. అయిదు రోజులున్నాం గానీ, ఒక్క రోజు సంగతే చెబుతాను.

మా 1974 బ్యాచ్‌లో అట్లాస్ ఎవరో పాతవాళ్లకు చెప్పక్కర్లేదు. భూగోళం సార్ గోడకు మ్యాపు తగిలించి దేశం పేరు అంటే చాలు, రాజధాని, నది, ఓడరేవు గడగడా చెప్పేవాడు. రైల్వేలో చేరి రైల్వేలోనే రిటైరయ్యాడు. పాసు మీద దేశమంతా తిరిగాడు గానీ సముద్రం దాటలేదు. నాలుగేళ్ల నుంచి వాడికి మతిమరుపు జబ్బు. నిన్న ఏం తిన్నాడో గుర్తుండదు, యాభై ఏళ్ల కిందటి క్రికెట్ మ్యాచ్ గుర్తుంటుంది. వాళ్లావిడ ఒప్పుకున్నాకే ఇదంతా ఇక్కడ చెబుతున్నాను.

వాణ్ణి తీసుకుపోదామని గోల్‌కీపర్, మానిటర్, నేను అనుకున్నప్పుడు చాలామంది ఒకటే మాటన్నారు. మరిచిపోయే మనిషికి చూపించి ఏం లాభం, మూడు రోజులకు ఏమీ మిగలదు కదా అని. న్యాయమైన ప్రశ్నే. వాళ్లావిడ మాత్రం లాభం సంగతి ఎత్తలేదు. "చెయ్యి వదలరు కదా అన్నయ్యా?" అని ఒక్కటే అడిగింది. డాక్టరును కలిసి మందుల చీటీ రాయించుకున్నాం. వాడి చొక్కా జేబులో హోటల్ చిరునామా, మా ముగ్గురి నంబర్లు ఉన్న కార్డు పెట్టాం. ముగ్గురిలో ఒకరి చెయ్యి ఎప్పుడూ వాడి భుజం మీద ఉండాలని మానిటర్ గంటగంటకు డ్యూటీలు వేశాడు. మానిటర్ కదా, ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది!

2023 డిసెంబర్ 1 నుంచి మనవాళ్లకు మలేషియాలో 30 రోజులు వీసా అక్కర్లేకుండా చేశారు. మేం వెళ్లినప్పుడు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపితే సరిపోయింది. శంషాబాద్ నుంచి నాలుగు గంటల చిల్లర ప్రయాణం. మేం వెళ్లింది 2024 జూలైలో. రింగిట్ అప్పుడు 18 రూపాయల దగ్గర ఉంది. బ్రిక్‌ఫీల్డ్స్‌లో దిగాం. అక్కడివాళ్లు లిటిల్ ఇండియా అంటారు. పెద్ద స్టేషన్ కేఎల్ సెంట్రల్ నడిచిపోయేంత దూరం.

ఆ రోజు ప్లాను బటు గుహలు. సెంట్రల్‌లో లోకల్ రైలెక్కితే నేరుగా గుహల దగ్గరే దింపుతుంది. ఎక్కాం. కూర్చున్నామో లేదో మొదటి స్టేషన్ వచ్చింది. అట్లాస్ కిటికీలోంచి చూసి, సంచీ భుజానికేసుకుని లేచాడు.

"కాచిగూడ వచ్చింది. దిగుదాం పా."

కాదురా అనబోయాను. గోల్‌కీపర్ నా మోచెయ్యి నొక్కాడు. నలుగురం దిగేశాం.

మా లిస్టులో లేని ఆ చోటే ఆ రోజు మొత్తానికి నాకు గుర్తున్నది. అది కౌలాలంపూర్ పాత రైల్వే స్టేషన్. 2001లో సెంట్రల్ వచ్చేదాకా అదే పెద్ద స్టేషన్. బయటికొచ్చి రోడ్డు మీద నిలబడి చూశాం. తెల్లటి గోడలు, వరసగా కమానులు, పైన ఛత్రీలు, గుమ్మటాలు. 1910 నాటి కట్టడం, హబ్బక్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టుది. మన కాచిగూడ స్టేషన్ 1916 నాటిది. దాని నమూనా గీసిన విన్సెంట్ ఎష్ కూడా ఇంగ్లీషువాడే, మన హైకోర్టు, ఉస్మానియా ఆస్పత్రి, సిటీ కాలేజీ ఆయనవే. ఇద్దరూ మొగలాయి గుమ్మటాన్ని, మినారును తీసుకొచ్చి రైలు పట్టాల పక్కన నిలబెట్టారు. ఒకటి సుల్తాన్ల నేల మీద, ఇంకొకటి నిజాం రాజ్యంలో. రెంటికీ ఆరేళ్లే తేడా. కాబట్టి మా అట్లాస్ పూర్తిగా తప్పు చెప్పలేదు.

ఇంకొకటుంది. పట్టాల వెడల్పు. కాచిగూడ నుంచి మన్మాడ్ పోయే అజంతా ఎక్స్‌ప్రెస్ చిన్న లైను మీద నడిచేది, గుర్తుందా? మన దగ్గర ఆ మీటర్ గేజు ఎప్పుడో తీసేసి పెద్ద లైను వేశారు. మలేషియాలో ఇప్పటికీ మీటర్ గేజే. కరెంటు రైళ్లు దాని మీదే గంటకు 140 కిలోమీటర్ల దాకా పరుగెడతాయి. అట్లాస్ ప్లాట్‌ఫారం అంచుకు కాస్త ఇవతల నిలబడి (డ్యూటీ నాది, చొక్కా పట్టుకునే ఉన్నాను) పట్టాలకేసి చాలాసేపు చూశాడు. "చిన్న లైనే," అన్నాడు. ముప్ఫై ఏడేళ్ల సర్వీసు ఆ చూపులో ఉంది.

తర్వాతి రైల్లో గుహలకు పోయాం. సున్నపురాయి కొండ, దాని ముందు 42.7 మీటర్ల బంగారు రంగు మురుగన్ విగ్రహం, 2006లో పెట్టారు. 272 మెట్లు, 2018లో వాటికి రంగులు వేశారు. అలిపిరి మెట్లెక్కినవాళ్లకు అదొక లెక్క కాదు గానీ, మా మోకాళ్లు వేరే మాటన్నాయి. మానిటర్, నేను ఎక్కాం. గోల్‌కీపర్, అట్లాస్ కిందే కూర్చున్నారు. మేం పైనుంచి వచ్చేసరికి ఒక కోతి ఎవరిదో కొబ్బరిచిప్ప లాక్కుపోతుంటే అట్లాస్ పడీపడీ నవ్వుతున్నాడు. వాడు అంత నవ్వడం చూసి రెండేళ్లయింది.

మధ్యాహ్నం బ్రిక్‌ఫీల్డ్స్‌లో అరిటాకు భోజనం. బయట ఒకటే వాన. మా మాటలు విని పక్క బల్ల మీది పెద్దావిడ తలతిప్పి, "తెలుగోళ్లా బాబూ?" అంది. ఆవిడ అక్కడే పుట్టింది, ఇండియా చూడలేదు. వాళ్ల తాతది "చీకాకోలు కాడ" పల్లె అట. శ్రీకాకుళాన్ని చీకాకోలు అనే మనిషిని నేను మొదటిసారి చూశాను. తాత రబ్బరు తోటల్లోకి కంగాణీ వెంట ఓడెక్కాడు. తిరిగి రాలేదు. అలా మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి వేలమంది పోయారు. 1938లో మన ప్రభుత్వం ఆ కూలీల వలస ఆపేసింది. పోయినవాళ్ల మనవళ్లు అక్కడ తెలుగు సంఘం పెట్టుకుని భాష నిలుపుకుంటున్నారు.

అట్లాస్ ఆవిడను, "మీరు ఏ స్టేషన్‌లో ఎక్కిన్రు?" అని అడిగాడు. ఆవిడకు సంగతి అర్థమైపోయింది. "నేను ఎక్కలేదు బాబూ, మా తాత ఎక్కాడు," అంది. వాడికి ఆ జవాబు సరిపోయింది. ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. ఎక్కువభాగం ఒకరి మాటకు ఇంకొకరి మాటకు పొంతన లేదు, అయినా ఇద్దరికీ తీరిగ్గానే ఉంది.

టీచర్లకోసం ఒక మాట. మలయ్ భాషలో ఉపాధ్యాయుణ్ణి గురు అనే అంటారు. భాషను బహాసా అంటారు. భర్తను సువామి అంటారు, మన స్వామే. ఇది విన్న మా ఇంట్లోవాళ్లు మాత్రం ఒప్పుకోలేదు.

సాయంత్రం జంట గోపురాలు చూశాం. 452 మీటర్లు, 88 అంతస్తులు, 2004 దాకా ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తు. పైకి ఎక్కలేదు, కింద పార్కులో ఫౌంటెన్ పక్కన కూర్చున్నాం. నాకు ఆశ చావక అడిగాను: "ఒరేయ్ అట్లాస్, మలేషియా రాజధాని ఏది?" చాలాసేపు ఆలోచించాడు. నుదురు ముడిపడింది. చివరికి, "సార్ ఆ పాఠం ఇంకా చెప్పలే," అన్నాడు. మానిటర్ అటు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. గోల్‌కీపర్ ఐస్‌క్రీం తెస్తానని లేచాడు.

రాత్రి వాళ్లావిడకు ఫోన్ కలిపి ఇచ్చాం. ఆమె ఏం చూశారని అడిగింది. "కాచిగూడ స్టేషన్ మంచిగ కడిగిన్రు, తెల్లగ చేసిన్రు," అని చెప్పాడు. గుహలు, గోపురాలు, వాన, పెద్దావిడ ఏవీ లేవు. వారం తర్వాత ఇంటికెళ్లి చూస్తే అదీ లేదు. అయితే ఆ నెలంతా రాత్రిళ్లు లేవకుండా పడుకున్నాడని ఆమె చెప్పింది. లాభం అడిగినవాళ్లకు నా దగ్గరున్న లెక్క ఇంతే.

ఇప్పుడు ప్రతి ఆదివారం వాణ్ణి అసలు కాచిగూడ స్టేషన్‌కే తీసుకుపోతున్నాం. పొద్దున ఆరున్నరకు, జనం పెరగకముందు. చాయ్ తాగి, రెండు రైళ్లు చూసి వచ్చేస్తాం. ఈ నెల మూడో ఆదివారం గోల్‌కీపర్ ఊళ్లో ఉండడు. ఎవరైనా రాగలిగితే సభ అయ్యాక మానిటర్‌కు పేరివ్వండి, డ్యూటీ వేస్తాడు.