భుజం కుట్టిన తర్వాతి రాత్రులు

భుజపు కీలును చుట్టి ఉండి చేతిని ఎత్తడానికి, తిప్పడానికి తోడ్పడే నాలుగు కండరాల స్నాయువులను, అంటే కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే గట్టి కొసలను, వైద్యులు కలిపి రోటేటర్ కఫ్ అంటారు. గోదావరిఖని, మందమర్రి భూగర్భ గనుల్లో పైకప్పుకు బోల్టులు బిగించే కార్మికుల మాదిరిగా చేతులు తలకన్నా పైకెత్తి ఏళ్ల తరబడి శ్రమించేవారికి ఇవి అరిగి తెగే ముప్పు ఎక్కువ. తెగిన స్నాయువును ఎముకకు తిరిగి కుట్టాక తొలి వారాల్లో నిద్ర చెడటం సహజమే గాని, చాలామందికి అది 3 నుంచి 6 నెలల్లో కుదుటపడుతుంది.

చదునుగా పడుకుంటే భుజం వెనక్కి జారి నొప్పి పెరుగుతుంది కనుక, వీపును ఏటవాలుగా ఆనించి, మోచేతి కింద మడతపెట్టిన దుప్పటి ఉంచి, సాధారణంగా 4 నుంచి 6 వారాల పాటు చేతిని స్లింగ్ పట్టీలోనే ఉంచి పడుకోవలసి ఉంటుంది. సాగిన నులక మంచం ఇందుకు బొత్తిగా పనికిరాదు. నడుమ కుంగి, మనిషిని కుట్టు పడిన పక్కకు దొర్లించవచ్చు. ఆదిలాబాద్ చలికాలంలోనైతే ముడుచుకుని ఒత్తిగిలే అలవాటును ఆపడం మరీ కష్టం. కల్లు తాగితే నిద్ర పడుతుందన్న నమ్మకం ఇంకా ప్రమాదకరమైనది: మత్తు తెల్లవారుజామున నిద్రను ముక్కలు చేయడమే కాక, అల్ప్రాజోలం అనే మత్తుమందు కలిపిన కల్తీ కల్లు బలమైన నొప్పి మాత్రలతో చేరితే శ్వాసనే మందగింపజేస్తుంది.