సీసా మీది రాత ఎవరి కోసం?

(పరకాలలో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల సమావేశంలో కూల్‌డ్రింకుల ముచ్చట ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. మనం తాగేదానిలో ఏమున్నదో తెలుసుకోవటం కూడా హక్కే. కొనే సరుకు నాణ్యత, పరిమాణం, స్వచ్ఛత తెలుసుకునే హక్కును 1986 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం కూడా ఇచ్చింది. ఆ హక్కు పరకాల కిరాణా దుకాణం దాకా వచ్చిందా అన్నదే నా ప్రశ్న.

ముందు చక్కెర లెక్క చూద్దాం. ఒక చెంచా చక్కెర సుమారు 4 గ్రాములు, 16 కేలరీలు. మామూలు కోలా 250 మిల్లీలీటర్లు తాగితే ఆరేడు చెంచాల చక్కెర తిన్నట్లే. రోజుకు 25 గ్రాములకు మించకుండా ఉంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఒక్క సీసాతో ఆ కోటా అయిపోతుంది. అట్లాగని నిందంతా సీసా మీదనే వేయలేము. రెండు చెంచాల చక్కెర వేసిన చాయ్ రోజుకు నాలుగుసార్లు తాగితే 32 గ్రాములు. పత్తి ఏరే రోజుల్లో ఆకలిని చాయ్‌తోనే చంపుకునే ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. చక్కెర బదులు బెల్లం, తేనె వేసుకున్నా కేలరీల్లో పెద్ద తేడా ఉండదు.

ఇక "షుగర్ ఫ్రీ" సంగతి. 100 మిల్లీలీటర్లలో చక్కెర అర గ్రాముకు మించకపోతే ఆ మాట రాసుకోవచ్చు. మరి తీపి ఎక్కడిది? ఆస్పర్టేమ్, సుక్రలోజ్, అసిసల్ఫేమ్, శాకరిన్ వంటి రసాయనాలది. వీటి పేరు చెప్పి మిమ్మల్ని భయపెట్టను. 2023 జులైలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఆస్పర్టేమ్‌ను "క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చు" అనే వర్గంలో చేర్చింది. సాక్ష్యం పరిమితమేనని కూడా చెప్పింది. అప్పుడే మరో నిపుణుల సంఘం, శరీర బరువులో కిలోకు రోజుకు 40 మిల్లీగ్రాములన్న పాత పరిమితిని మార్చనవసరం లేదన్నది. అంతకుముందు, మే నెలలో, బరువు తగ్గటానికి ఇటువంటి తీపి పదార్థాలను వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. దీర్ఘకాలంలో వాటివల్ల ఒంట్లో కొవ్వు తగ్గుతుందనటానికి ఆధారాలు లేవన్నది. మొక్క నుంచి తీసే స్టీవియా కూడా ఆ సూచనలో ఉన్నది. అయితే అది ఇప్పటికే చక్కెర వ్యాధి ఉన్నవారికి వర్తించదు. వారు డాక్టరును అడగాలి. ఊళ్లలో మాట్లాడేటప్పుడు ఈ తేడా మరువవద్దు.

ఈ తీపి పదార్థాలు లేని పానీయం ఎంచుకోవాలంటే సీసా వెనుక ఉన్న చిన్న అక్షరాలు చదవాలి. 950, 951, 954, 955 అనే అంకెలు కనిపిస్తే అవి పైన చెప్పిన రసాయనాలే. అంకెలు గుర్తుపట్టవచ్చు, మరి మాటలో? 2020 లేబులింగు నిబంధనల ప్రకారం వివరాలు ఇంగ్లీషులో గానీ దేవనాగరి హిందీలో గానీ ఉంటే చాలు. తెలుగు కలిపితే కలపవచ్చు, తప్పనిసరి కాదు. కంపెనీ రాశానంటుంది, చట్టం సరే అంటుంది, కొనే మనిషికి మాత్రం తెలియదు.

దీనివల్ల ఎంత ముప్పో ఓఆర్ఎస్ పేరుతో అమ్మిన డబ్బాలు చూపించాయి. విరేచనాలతో నీరసించిన పిల్లలకు ఇచ్చే అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు ఉండాలి. అదే పేరు తగిలించుకుని అంతకు ఎన్నోరెట్లు చక్కెర ఉన్న తీపి నీళ్లు మందుల దుకాణాల్లో అమ్మారు. ఇది ఓఆర్ఎస్ కాదన్న హెచ్చరిక ఉంటే చాలని 2022లో అనుమతి కూడా వచ్చింది. ఆ హెచ్చరిక చదవగలిగిన తల్లులెందరు? హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు, హైకోర్టుకు వెళ్లారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ అనుమతిని రద్దు చేసింది. ఒక స్త్రీ పట్టుదలతో రాత మారిందంటే, సంఘాలుగా మనం కదిలితే మారదా?

మరి ఏం తాగాలి? మొదట నీళ్లు. తర్వాత మన సల్ల. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల పలుచని సల్లలో 15 కేలరీలు, కొబ్బరినీళ్లలో 24 కేలరీలు. చెరుకురసంలో 39, అంటే దాదాపు కోలాతో సమానం. చక్కెర వేయని నిమ్మకాయ నీళ్లు, జీలకర్ర నీళ్లు, సబ్జా నీళ్లు మంచివే. బీపీ ఉన్నవారు ఉప్పు తగ్గించాలి. కేలరీలు తగ్గించుకోవాలన్నది అందరికీ చెప్పే మాట కూడా కాదు. అర్ధాకలితో కూలికి పోయే ఆడమనిషికి జొన్న అంబలి ఆహారం. ఆమెకు కావలసింది కడుపునిండా తిండి.

నీళ్లు తాగమని చెప్పటం సులువు. చేలల్లో, మార్కెట్లలో, బస్టాండుల్లో మరుగుదొడ్డి లేకనో, ఉన్నా పోలేకనో పొద్దంతా నీళ్లు తాగకుండా ఉండే స్త్రీలు మనలోనే ఉన్నారు. వాళ్లకు పానీయాన్ని ఎంచుకునే స్వేచ్ఛ ఎక్కడిది?

అందుకే మూడు కోర్కెలు. సీసాలు, డబ్బాల మీద వివరాలు తెలుగులో, కనిపించే అక్షరాలలో తప్పనిసరి చేయాలి. స్త్రీలు పనిచేసే ప్రతిచోట మంచినీళ్లు, మరుగుదొడ్డి ఉండాలి. బడుల్లో, అంగన్‌వాడీల్లో జరిగే వేడుకలలో రంగునీళ్లు పంచరాదు. మొదటి రెండూ ప్రభుత్వం చేయాలి, అడగవలసింది మనం. మూడవదాన్ని మన సంఘాల సమావేశాల నుంచే మొదలుపెట్టవచ్చు.