పదమూడు యూరోల మెనూ, మా చిల్లకల్లు మీల్స్

అందరూ భోంచేశారా? చెయ్యకపోతే ముందు తినేసి రండి. ఇవాళంతా తిండి గొడవే.

స్పెయిన్ వీడియోలు చూసి చాలామంది అడిగారు: "అన్నా, చర్చిలు చూపించావు, స్టేడియం చూపించావు, రోజూ ఏం తిన్నావో చెప్పలేదేంటి?" అని. చెప్తా. కానీ ముందు మా ఊరి గురించి రెండు ముక్కలు.

మాది చిల్లకల్లు. విజయవాడ హైవే మీద జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్య ఉంటుంది. మీలో చాలామందికి టోల్‌గేట్‌గానే తెలుసు. అక్కడ మా అమ్మానాన్నలకి చిన్న భోజనం హోటల్ ఉంది. పప్పు, వేపుడు, కూర, రోటి పచ్చడి, సాంబారు, పెరుగు, అంతే. సిమెంటు లారీల డ్రైవర్లు, మిర్చి లోడు వేసుకెళ్లేవాళ్లు తింటారు. బీటెక్‌లో ఎవరైనా మీ నాన్న ఏం చేస్తారంటే "బిజినెస్" అనేవాణ్ణి. హోటల్ అని చెప్పడానికి నామోషీ. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తా.

ఇక మాడ్రిడ్. మొదటి రెండు రోజులు టూరిస్టులు తిరిగే చోటే తిన్నా. బయట రంగురంగుల ఫొటోల బోర్డు, లోపల చప్పటి పాయెయ్యా, బిల్లు మాత్రం ఘాటు. మూడో రోజు పన్నెండున్నరకే ఆకలేసి ఒక సందులోకి వెళ్తే, ఇంకా వంట కాలేదన్నారు. అక్కడ మధ్యాహ్న భోజనం రెండింటికి. రాత్రి భోజనం తొమ్మిది దాటాకే.

రెండయ్యేసరికి ఆ సందులో బిల్డింగ్ పని చేసేవాళ్లు, బ్యాంకు ఉద్యోగులు, ఒక పెద్దాయన, అందరూ ఒకే చిన్న హోటల్లోకి వెళ్తున్నారు. బయట పలక మీద సుద్దముక్కతో రాసుంది: మెనూ దెల్ దియా, 13 యూరోలు. అంటే "ఈరోజు భోజనం". మన లెక్కలో అప్పటికి పన్నెండొందల దాకా. మనకి ఎక్కువే గానీ, టూరిస్టు చౌరస్తాలో ఒక్క ప్లేటుకే అంతకంటే ఎక్కువ కట్టా.

మొదట ఒక ప్లేటు, తర్వాత రెండో ప్లేటు, చివర్లో స్వీటో, పండో, కాఫీయో. బ్రెడ్డు, తాగడానికి నీళ్లో వైనో అందులోనే. ఫ్రాంకో పరిపాలనలో, 1960ల్లో, టూరిస్టుల కోసమని ప్రభుత్వం హోటళ్లతో ఇలా ఫిక్స్‌డ్ రేటు భోజనం పెట్టించింది. చివరికి దాన్ని నిలబెట్టింది మాత్రం రోజూ పనికెళ్లే అక్కడి జనమే.

నాకు మొదటి ప్లేటులో లెంతేహాస్ వచ్చింది. కందిపప్పు కాదు, మసూర్ లాంటి పప్పు. ఉల్లి, వెల్లుల్లి, క్యారెట్ వేసి ఉడికిస్తారు. పైన పిమెంతోన్ అనే మిరపపొడి. మనం మిరపకాయల్ని కల్లంలో ఎండబెడతాం కదా, లా వెరా అనే చోట ఓక్ కట్టెల పొగలో ఎండబెడతారు. అక్కడ కోతల కాలంలో వానలు మరి. కారం తక్కువ, పొగ వాసన ఎక్కువ. మిర్చి ఘాటులో పెరిగినోణ్ణి, ఆ వాసనకే సగం కడుపు నిండింది.

శాకాహారులకి ఒక జాగ్రత్త. నేను మంగళవారం నాన్‌వెజ్ ముట్టను. "మాంసం లేకుండా" అని చెప్తే బీన్స్ కూర తెచ్చారు, అందులో పంది మాంసం ముక్కలు. అడిగితే "ఇది మాంసం కాదు, హామోన్" అన్నాడు. వెటకారం కాదండీ, నిజంగానే అన్నాడు! మాంసం వద్దంటే చాలదు. హామోన్ వద్దు, చొరీసో వద్దు, ట్యూనా వద్దు అని పేరుపేరునా చెప్పాలి. ఏమీ తోచకపోతే గాస్పాచో, లేదా ఆలుగడ్డల ఆమ్లెట్, దాన్ని తోర్తియ్యా అంటారు.

నాలుగు రోజులు అక్కడే తిన్నా. ఆ పెద్దాయన కూర్చోగానే వెయిటర్ అడక్కుండానే ఆయన వైను పెట్టేవాడు. అది చూస్తుంటే మా నాన్న గుర్తొచ్చారు. ఒక లారీ డ్రైవర్ లోపలికి రాగానే ఆయనకి అడక్కుండానే మజ్జిగ మిరపకాయలు వేస్తారు. మాడ్రిడ్‌లో పలకని నలభై ఫొటోలు తీశా. మా హోటల్‌ది నా ఫోన్లో ఒక్కటి లేదు.

విషయం ఏంటంటే, ఆ నెలలోనే ఒకాయన మా హోటల్ స్థలం అద్దెకి అడిగారు, కాఫీ షాపు పెట్టడానికి. కార్లు ఆగట్లేదు, గ్యాసు, నూనె రేట్లు తెలిసిందే. ఫోన్లో నేనే "ఇచ్చేయ్ నాన్నా" అన్నా. తిరిగొచ్చాక ఆ మాట వెనక్కి తీసుకున్నా.

ఒక నల్లబోర్డు కొని బయట పెట్టా. ఈరోజు కూరలు, 120 రూపాయలు.

నాన్న, "రోజూ తినేవాళ్లకి తెలుసు కదరా, బోర్డెందుకు?" అన్నారు.

"తెలియనివాళ్లకి నాన్నా."

ఇంకో సలహా కూడా ఇచ్చా: స్పెయిన్‌లో లాగా కొలిచి పెడదాం, మారు వడ్డన ఆపేద్దాం, ఖర్చు తగ్గుతుంది అని. నాన్న గరిటె కింద పెట్టి, "అన్నం అడిగినోడికి లేదని నువ్వు చెప్తావా?" అన్నారు. నేను చెప్పలేను. ఆ విషయం అంతటితో వదిలేశా.

బోర్డు పెట్టి ఆరు వారాలైంది. కొన్ని కార్లు ఆగుతున్నాయి. అద్దె మాట సంక్రాంతి తర్వాత చూద్దామన్నారు నాన్న. నిలబడుతుందో లేదో చూడాలి.

మీరు స్పెయిన్ వెళ్తే ఫొటోల బోర్డు వదిలేసి సుద్దముక్క రాత వెతకండి. విజయవాడ వెళ్తూ టోల్ దాటితే, మా బోర్డు చూడండి. ఇవాళ దోసకాయ పప్పు, బెండకాయ వేపుడు, గోంగూర. అక్షరాలు వంకరగా ఉంటాయి, అమ్మ రాసింది.