నాణెమునకు రెండు వెలలు



నాణెమునకు వెలలు రెండు. ఒకటి ముద్రలోని వెల. రెండవది కంసాలి త్రాసులో తేలు లోహపు వెల. మొదటిది మిన్నగా నున్నంతకాలము నాణెము సంతలో తిరుగును. రెండవది మించినచో అది మూటలోనికో, మూసలోనికో పోవును. పూర్వపు వెండి రూపాయి చరిత్రయే ఇందుకు దృష్టాంతము.

1835లో ఏర్పడిన ఆ రూపాయి తూనిక సరిగా ఒక తులము, అనగా 180 గ్రెయినులు. అందు 165 గ్రెయినులు మేలిమి వెండి. గుంటూరు సీమ నల్లరేగడిలో పత్తియో మిరపయో పండించి అమ్మిన రైతు దానిని రాతిపై మ్రోగించి పుచ్చుకొనెడివాడు. కంసాలికి అదియే తులపు రాయి.

మొదటి ప్రపంచ యుద్ధమునకు ముందు రూపాయి మారకము 16 పెన్నీలు. లండనులో అమ్ముడుపోవు ఔన్సు వెండిలో మేలిమి 444 గ్రెయినులు. ఆ ఔన్సు 43 పెన్నీలైనచో, 165 గ్రెయినుల వెల ఎంత? త్రైరాశికము తెలిసిన బాలుడైనను 16 పెన్నీలని చెప్పగలడు. 1917 ఆగస్టులో వెండి ధర ఆ మేర దాటెను. అంతట కరిగించువానికి లాభము, చెల్లించువానికి నష్టము కలిగెను.

ప్రభుత్వము కరిగించుటను నిషేధించినది. మారకపు ధరను పెంచినది. 1917 నవంబరు 30న ఒక రూపాయి నోటును విడుదల చేసినది. అయినను జనులు నోట్లు పట్టుకొని వెండికై ఖజానాలకు పరుగెత్తిరి. పలుచోట్ల నోటు మార్చువారు వట్టము కోసికొనిరి. ఆ నష్టము పడినది సాహుకారు కాదు. చిల్లర లేక ఉప్పు కొనలేని కూలివాడు. తుదకు అమెరికా 1918లో శాసనము చేసి, తన వెండి డాలర్లను కరిగించి 20 కోట్ల ఔన్సుల వెండిని ఈ దేశమునకు విక్రయించెను. ఒక దేశపు నాణెము మూసలో పడి మరియొక దేశపు నాణెమును నిలిపినది!

1940లో రూపాయిలోని వెండి సగమునకు తగ్గెను. 1941 నుండి 1943 వరకు పాత రూపాయిలు వరుసగా చెల్లుబాటు కోల్పోయెను. గడువు తెలిసినవాడు రూపాయికి రూపాయి పొందగలిగెను. తెలియక కుండలో దాచినవానికి, షరాబు తూచి చెప్పిన వెండి వెలయే మిగిలెను. 1947లో నికెలు రూపాయి వచ్చెను. వెండి పోయినను ఆశ పోలేదు. చిల్లర నాణెములను కరిగించుట నేరమని 1971లో ప్రత్యేక శాసనము చేయవలసి వచ్చెను. 2011 నాణెముల చట్టమును ఆ నిషేధమునే నిలిపినది.

ముద్ర వెలను ప్రభుత్వము నిర్ణయించును, లోహపు వెలను లోకము నిర్ణయించును. ఈ రెంటి నడుమ నలుగువాడు, ప్రకటన చదువనేరని పల్లెవాడు. గ్రంథాలయములోని దినపత్రిక వానికొరకే. అది చదువుటకు వచ్చినవాడు మోసపోడు. రానివానికి చదివి వినిపించుట వచ్చినవాని ధర్మము.