వేన్నీళ్ళు: కాచేదెంత, వృథా చేసేదెంత?

(బోడినాయకనూరులో మిల్లు కార్మికుల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బోనస్, పనిభారం, పర్మనెంటు సమస్య చర్చించే వేదిక మీద వేన్నీళ్ళ సంగతి ఏమిటని కొందరికి అనిపించవచ్చు. పోరాడి జీతంలో పెంచుకున్న రూపాయి ఏ దారిన పోతున్నదో చూసుకోవడం కూడా యూనియన్ పనే. పైగా స్నానం మనకు విలాసం కాదు. కార్డింగులోనో, స్పిన్నింగులోనో ఎనిమిది గంటలు నిలబడి, తల నిండా దూది పీచుతో ఇల్లు చేరిన మనిషికి అది అవసరం. బోడిమెట్టు మీదినుంచి చలిగాలి దిగే రోజుల్లో రాత్రి షిఫ్టు ముగించి వచ్చినవారిని చన్నీళ్ళు పోసుకోమని చెప్పడానికి నేను రాలేదు. వేన్నీళ్ళు మానవద్దు, వృథా మానండి. ఇదే నేను చెప్పదలచింది.

ఒకప్పుడు పెరట్లో మూడు రాళ్ళు పెట్టి కాగులోనో, అండాలోనో కాచేవాళ్ళం. కొంచెం కలిగిన ఇళ్ళలో రాగి బాయిలర్ ఉండేది. కట్టెలు తెచ్చేది, పొగ మింగేది ఆడవాళ్ళే. ఇప్పుడు చాలా ఇళ్ళలో హీటర్ రాడ్డో, గీజరో వచ్చింది. ఆ పొగ తప్పినందుకు సంతోషమే. కాని కట్టె తరిగిపోవడం కంటికి కనిపించేది. కరెంటు తరిగిపోవడం కనిపించదు, బిల్లు వచ్చాక గాని తెలియదు.

కాబట్టి లెక్క మనమే వేసుకుందాం. ఒక యూనిట్ కరెంటు 86 లీటర్ల నీళ్ళను 10 డిగ్రీలు వేడి చేస్తుంది. ఇది ప్రకృతి లెక్క, ఏ కంపెనీ గీజరైనా మారదు. స్నానానికి మనకు కావలసిన వేడి సుమారు 40 డిగ్రీలు. కుళాయి నీళ్ళు 25 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. 15 లీటర్ల బకెట్ కు పావు యూనిట్ చాలు. నలుగురున్న ఇంటికి నాలుగు బకెట్లు, అంటే రోజుకు ఒక యూనిట్ చిల్లర.

మరి కొన్ని ఇళ్ళలో రోజుకు రెండు, మూడు యూనిట్లు ఎందుకు ఖర్చవుతున్నాయి? ఎక్కువ భాగం స్నానం చేయని నీళ్ళను వేడి చేసినందువల్ల.

25 లీటర్ల గీజర్ తీసుకోండి. దాని సెట్టింగ్ 60 డిగ్రీల మీద ఉంటే తొట్టి మొత్తం కాగడానికి ఒక యూనిట్ పడుతుంది. రాత్రి షిఫ్టు నుంచి వచ్చిన ఒక్క మనిషి ఒక బకెట్ కలుపుకోవడానికి అందులో ఆరున్నర లీటర్లు చాలు. మిగతా 18 లీటర్లు అలాగే చల్లారిపోతే ముప్పావు యూనిట్ గాలిలో కలిసినట్టే. రోజూ ఇలా జరిగితే రెండు నెలలకు 45 యూనిట్లు. అదే 45 డిగ్రీల దగ్గర ఆపితే మిగిలిన నీళ్ళతో పోయేది మూడో వంతు యూనిట్ లోపే. 2016లో మన రాష్ట్రంలో ఇళ్ళకు మొదటి 100 యూనిట్లు ఉచితం చేశారు. ఆ పైన మెట్టు మెట్టుకూ రేటు పెరుగుతుంది. ఈ 45 యూనిట్లు మనల్ని పై మెట్టు ఎక్కించవచ్చు.

ఇక చేయవలసినవి చెబుతాను.

ఒకటి: గీజరుకు బయట తిప్పే బిళ్ళ ఉంటే తగ్గించుకోండి. చాలా వాటికి సెట్టింగ్ మూత లోపల ఉంటుంది. దాన్ని మీరు విప్పవద్దు, ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. అదీ వీలుకాకపోతే గడియారాన్నే సెట్టింగ్ చేసుకోండి. 2000 వాట్ల గీజరులో 25 లీటర్లు 60 డిగ్రీలకు రావడానికి అరగంట పడుతుంది, 45 డిగ్రీలకు 18 నిమిషాలు చాలు. ఒకరి స్నానం అయితే 18 నిమిషాలకే ఆపండి.

రెండు: ఇంట్లోవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వెంటనే స్నానం చేయండి. నలుగురు వరుసగా చేస్తే 60 డిగ్రీల తొట్టి దాదాపు అందరికీ సరిపోతుంది, మిగిలి చల్లారేదేమీ ఉండదు. షిఫ్టులు వేరైన ఇళ్ళలో చిన్న గీజరో, రాడ్డో నయం.

మూడు: షవరు నిమిషానికి 8 నుంచి 10 లీటర్లు పోస్తుంది. ఎనిమిది నిమిషాలు నిలబడితే నాలుగైదు బకెట్లు. నీళ్ళూ పోయె, కరెంటూ పోయె. బకెట్, చెంబు మన పెద్దలిచ్చిన మీటర్లు.

నాలుగు: గీజర్ నుంచి కుళాయి దాకా గొట్టంలో నిలిచిన చన్నీళ్ళను కాలువలోకి వదలకండి. పది మీటర్ల అరంగుళం గొట్టంలో దాదాపు రెండు లీటర్లు ఉంటాయి. కొట్టగుడి ఏటి నీళ్ళ కోసం వేసవిలో బిందెలు వరుస పెట్టే ఊరు మనది. అవి పట్టి బట్టలకు వాడండి.

ఐదు: రాడ్డు వాడేవారు నీళ్ళు పొగలు కక్కేదాకా ఉంచనవసరం లేదు. 1000 వాట్ల రాడ్డుకు ఒక బకెట్ కు 16 నిమిషాలు చాలు. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకిన తర్వాతే నీళ్ళలో చెయ్యి పెట్టాలి. ఇనుప బకెట్ వద్దు. పిల్లలను దగ్గరికి రానీయవద్దు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. సెట్టింగ్ తగ్గించి రోజంతా గోరువెచ్చగా ఉంచడం మంచిది కాదు. అలాంటి నిలవ నీళ్ళలో ఊపిరితిత్తులకు జబ్బు తెచ్చే క్రిములు పెరుగుతాయి. దూది దుమ్ముతో మన ఊపిరితిత్తులు ముందే దెబ్బతిని ఉన్నాయి. కాచండి, వాడండి, ఆపండి. వారానికొకసారి 60 డిగ్రీలు దాటనివ్వండి. కాని ఆ వేడి నీళ్ళు కొన్ని క్షణాల్లో చర్మాన్ని కాల్చేస్తాయి. ముసలివాళ్ళకు, పసివాళ్ళకు కలిపి చూసే పోయాలి.

ఇదంతా విని, కరెంటు కొరతకు కార్మికుల ఇళ్ళే కారణమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 2008 నుంచి 2012 దాకా తమిళనాట కరెంటు కోతలతో మిల్లులు ఆగి మన వేతనాలు పోయినప్పుడు, కారణం మన గీజర్లు కాదు. మనం పొదుపు చేసేది మన జేబు కోసం, మన నీళ్ళ కోసం.

యాజమాన్యాలు కూడా తమ వంతు చేయాలి. మిల్లులో ఆవిరి గొట్టానికి తొడుగు వేసి వేడిని కాపాడతారు. ఆటోకోనర్లకు గాలినిచ్చే కంప్రెసర్ తినే కరెంటులో చాలా భాగం వేడిగా మారుతుంది. ఆ వేడితో నీళ్ళు కాచే ఏర్పాటు సాధ్యమే. హాస్టల్ కప్పు మీద సోలార్ హీటర్ పెట్టడమూ సాధ్యమే. కడుక్కునే వసతి ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 42వ సెక్షన్ చెప్పింది, 2020 నాటి కోడ్ స్నానపు గదుల మాట కూడా చెప్పింది. షిఫ్టు దిగిన మనిషి, ముఖ్యంగా హాస్టల్ లో ఉండే ఆడపిల్లలు, మిల్లులోనే వేడి నీళ్ళతో స్నానం చేసే వసతి కావాలి. వచ్చే కోరికల పత్రంలో దీన్ని చేర్చాలని ఈ సమావేశాన్ని కోరుతున్నాను.

ఈ రాత్రి మీటరు చూసి రాసుకోండి. చెప్పినట్టు చేసి వారం తర్వాత మళ్ళీ చూడండి. నా మాట నమ్మనక్కరలేదు, మీటరు మాట నమ్మండి.

సెలవు.