ఎడమకాలి పాఠము

మొన్నటి వేసవిలో ఒక సాయంకాలము మేము గుంటూరు నుండి నల్లపాడు మీదుగా పోతూ, పత్తికట్టె పీకివేసిన ఒక చేనిగట్టున ఆగినాము. మిరప కళ్ళాల ఘాటు ఇంకా గాలిలో ఉన్నది. చేనిలో కుర్రవాండ్లు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. ఒక పిల్లవానికి ఎడమప్రక్క బంతి చక్కగా అందినది. ఎదుట గోలు ఖాళీగా ఉన్నది. అయినా వాడు బంతిని కుడికాలికి మార్చుకొనబోయినాడు. ఆ రెప్పపాటులో మరొకడు వచ్చి తన్నుకొనిపోయినాడు. "నాకు ఎడమకాలు పలకదురా" అని వాడు తోటివారికి సంజాయిషీ చెప్పుకొన్నాడు. ఆ మాట వినగానే మాకు హైదరాబాదు రహీమ్ సాహెబ్ గుర్తుకు వచ్చినారు. శ్రోతలారా, నేటి ప్రసంగము ఆయనను గురించియే.

సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1909లో హైదరాబాదులో జన్మించినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదివి, అక్కడనే ఫుట్‌బాల్ ఆడి, బడిపంతులుగా జీవితము ఆరంభించినారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి అయినారు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచినది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఆయన తీర్చిన భారతజట్టు ఇరానును 1–0తో ఓడించి స్వర్ణపతకము అందుకొన్నది.

ఆటగాడు కోచ్ అయితే సామాన్యముగా తాను ఆడిన తీరునే నేర్పుతాడు. రహీమ్ సాహెబ్‌లోని పంతులు అంతటితో తృప్తిపడలేదు. శిష్యుని లోపము ఎక్కడ ఉన్నదో చూచి, దానికి తగిన పాఠము కల్పించినారు. మనవారికి బంతిని కాలివద్దనే ఉంచుకొని ఒంటరిగా చొచ్చుకొనిపోవడము మీద మోజు. అందుకు డ్రిబ్లింగు నిషేధించిన పోటీలు పెట్టినారు. ప్రక్కవానికి వెంటనే పాసు ఇవ్వక గత్యంతరము లేదు. అట్లే, పలకని కాలితోనే ఆడవలసిన పోటీలు కూడా నడిపించినారు. ఈ పాఠములకు ఖర్చు లేదు, కావలసినదల్లా ఓర్పు.

ఓటమి కూడా ఆయనకు పాఠమే అయినది. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో, పెక్కుమంది బూట్లు లేకుండా ఆడిన మన జట్టును యుగోస్లావియా 10–1తో చిత్తు చేసినది. నాలుగేండ్ల తరువాత 1956లో మెల్బోర్న్‌లో మనవారు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనలు చేరినారు. నెవిల్ డిసౌజా మూడు గోలులు చేసినాడు. అక్కడ మరల అదే యుగోస్లావియా! ఈసారి తొలి గోలు మనదే. చివరకు 4–1తో ఓడి, నాలుగవ స్థానములో నిలిచినా, పదికి ఒకటి అన్న నాటికీ నేటికీ దూరము ఎంతో లోకము చూచినది.

1962లో జకార్తా ఆసియా క్రీడలనాటికి ఆయన ఊపిరితిత్తులలో క్యాన్సరు ప్రబలుతున్నది. తొలి ఆటలో కొరియా 2–0తో ఓడించినది. తరువాత థాయిలాండును 4–1తో గెలిచినాము గాని, రక్షణపంక్తికి మూలస్తంభమైన జర్నైల్ సింగుకు తల పగిలి కుట్లు పడినవి. రహీమ్ సాహెబ్ అతనిని వెనుకనుండి తెచ్చి ముందువరుసలో ఆడించినారు. సెప్టెంబరు 4న ఫైనలులో మరల కొరియా. ప్రేక్షకులు మనకు ప్రతికూలురు. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానీయకపోవడమును భారతీయ క్రీడాధికారి సోంధీ ఆక్షేపించినందుకు వారికి కోపము. పి.కె. బెనర్జీ ఒక గోలు, ఆ జర్నైల్ సింగే మరొకటి చేయగా 2–1తో స్వర్ణము మనదైనది. ఆ జట్టులో మన హైదరాబాదు, సికింద్రాబాదుల బిడ్డలు తులసీదాస్ బలరామ్, యూసుఫ్ ఖాన్, పీటర్ తంగరాజ్ ఉన్నారు.

1963 జూన్ 11న రహీమ్ సాహెబ్ కన్నుమూసినారు. 1970లో బ్యాంకాకులో హైదరాబాదు బిడ్డ నయీముద్దీన్ నాయకత్వములో కాంస్యము వచ్చినది. ఆయనయు పిమ్మట కోచ్ అయి 1990లో ద్రోణాచార్య పురస్కారము పొందినారు. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు పతకము లేదు. జకార్తా స్వర్ణమే నేటికీ చివరి స్వర్ణము.

ఈ కథ మేము చెప్పినది గతము తలచి నిట్టూర్చుటకు కాదు. నల్లపాడు చేనిలో నేల ఉన్నది, బంతి ఉన్నది, పరుగెత్తే పిల్లలు ఉన్నారు. "నేడు అందరూ ఎడమకాలితోనే ఆడవలె" అని గట్టున నిలిచి చెప్పే పెద్ద ఒక్కరు కావలె. వినుచున్న ఉపాధ్యాయులలో ఎవరైనా వారమునకు ఒక సాయంకాలము ఆ గట్టున నిలువగలిగితే, రహీమ్ సాహెబ్ బడి ఇంకా మూతపడలేదనుకొందము.